వాసెన కట్టిన కుండ

“ఈ చొక్కా చాలదా మీకు?” అంటూ సీఐ అచ్యుతరామయ్య ప్లాస్టిక్ సంచీ పైకెత్తి చూపించాడు. కనకరత్నానికి అరికాలి మంట నెత్తికెక్కింది.

సంచీలో పాత గళ్ల చొక్కా. పొట్ట దగ్గరా, కుడిచేతి మడత మీదా నల్లబడిన నెత్తుటి మరకలు.

“చేపలు కోసేవాడి చొక్కాకి నెత్తురంటక సింహాచలం గంధం అంటుతుందా, సీఐగారూ?”

“అది చేప నెత్తురో మనిషి నెత్తురో ల్యాబు తేలుస్తుంది.”

“ఎప్పటికి?”

“పదిహేను రోజులు పట్టొచ్చు.”

“మరి కోర్టుకి?”

“ఇవాళే. నాలుగింటికి.”

అదీ వరస. నెత్తురు ఎవరిదో తెలియడానికి పదిహేను రోజులు కావాలి, మనిషిని జైలుకి పంపడానికి మాత్రం పూట చాలు. కనకరత్నం వాచీ చూసుకుంది. సోమవారం, పదకొండూ పది. అనంతగిరి కొండల్లోని ఈ లాడ్జి నుంచి కోర్టుకి దిగడానికి రెండు గంటలు తీసేస్తే, ఆమె చేతిలో మిగిలింది మూడు గంటలకి తక్కువే.

ఇరవై రెండేళ్లు పోర్టు సెక్యూరిటీలో పనిచేసి, పై అధికారితో పడక ఉద్యోగం వదిలేసి, పూర్ణా మార్కెట్ పక్క సందులో మేడ మీద గది తీసుకుని డిటెక్టివ్ బోర్డు కట్టుకున్న మనిషి కనకరత్నం. వయసు యాభై నాలుగు. ఆ గది మెట్ల మీద ఇవాళ తెల్లవారుజామున ఐదింటికి ఖాళీ చేపల గంపతో కూర్చుని కనిపించింది సూర్యకళ. “మా ఆయన సీమకి కూడా అపకారం సెయ్యడమ్మా. సంపినానని రాయించీసినారంట” అంది. ఏడవలేదు. ఏడ్చే ఓపిక రాత్రే అయిపోయినట్టుంది.

ఆమె మొగుడు అప్పలరాజు మరబోటు మీద కలాసీ. వేసవిలో రెండు నెలలు మరబోట్లకి వేట నిషేధం. బోట్లు జెట్టీకి కట్టేస్తారు, కలాసీల పొట్టలు కూడా. అందుకని ఏటా ఆ రెండు నెలలూ కొండెక్కి ఈ ‘మంచుతెర’ లాడ్జిలో వంటపనికి కుదురుతాడు. అడవిలో విసిరేసినట్టుండే పన్నెండు గదుల లాడ్జి, వెనక జలపాతం, జలపాతం పైన వ్యూపాయింటు. శనివారం సాయంత్రం ఐదున్నరకి ఆ వ్యూపాయింటు కింద, వాగు బండల మధ్య మోహనకృష్ణ శవం దొరికింది. ఉక్కునగరంలో ఉండే ఇంజినీరు, లాడ్జిలో సగం వాటాదారు. మిగతా సగం కృష్ణంరాజుది. ఆదివారం రాత్రి ఎనిమిదింటికి అప్పలరాజుని వాళ్ల జాలరిపేటలో పట్టుకున్నారు. ఇవాళ ‘ఎలా తోశావో చూపించు’ అని కొండ మీదికి తెచ్చారు.

“మీ లెక్క నాకోసారి చెప్పండి,” అంది కనకరత్నం.

అచ్యుతరామయ్య తొందరపడే మనిషి కాదు. నుదుటి మీద పొద్దుటి బొట్టు చెదరకుండా చేతిరుమాలుతో చెమట అద్దుకుని, వేళ్లు మడుస్తూ చెప్పాడు. “శుక్రవారం లాడ్జిలో గెస్టులు లేరు, మరమ్మతులు. ఉన్నది మోహనకృష్ణ, కృష్ణంరాజుగారు, అప్పలరాజు, గిన్నెలు తోమే నూకాలు. ఏడింటికి మోహనకృష్ణకీ అప్పలరాజుకీ పెద్ద గొడవ. ఎనిమిదింటికి దొరలిద్దరూ చేపల పులుసుతో భోంచేశారు. తొమ్మిదింటికి కృష్ణంరాజుగారు కారులో ఇంటికెళ్లిపోయారు. నూకాలు వెనక పాకలో పడుకుంది, శనివారం ఆవిడకి సెలవు. మిగిలిందెవరు? పదిన్నరకి అప్పలరాజు లారీ ఎక్కి దిగిపోయాడు. పోస్టుమార్టంలో కడుపులో అన్నం, చేప అరక్కుండా ఉన్నాయి. తిన్న రెండు గంటల్లోపే చచ్చిపోయాడన్నారు డాక్టరుగారు. అంటే పదిలోపు.”

“శవాన్ని చూస్తే టైము తెలియదా?”

“చల్లటి నీళ్లలో పడి ఉంది కదండీ. శుక్రవారం రాత్రి నుంచి శనివారం మధ్యాహ్నం దాకా ఎప్పుడైనా కావచ్చు, కడుపులో తిండే ఆధారం అన్నారు.”

“నూకాలు ఏమంది?”

“ఆవిడ స్టేట్‌మెంటు తీసుకోలేదు.”

“ఏం?”

“ఆవిడ అప్పలరాజుకి సొంత అక్క. తమ్ముడి కోసం అక్క ఏదైనా చెప్తుంది.”

“కృష్ణంరాజుగారు ఇంటికొచ్చేశారని ఎవరు చెప్పారు?”

“వాళ్లావిడ.”

“మొగుడి కోసం పెళ్లాం ఏదైనా చెప్పదా?”

అచ్యుతరామయ్య ముఖం గంటు పెట్టుకున్నాడు. “కనకరత్నంగారూ, మీరు పోర్టులో గేటు పాసులు చూసిన మనిషి. హత్య కేసులు వేరు.”

“గేటు దగ్గర అయితే గంప మోసేదాన్నీ కారులో వచ్చినవాణ్ణీ ఒకేలా తనిఖీ చేసేవాళ్లం. మీ దగ్గర ఆ పద్ధతి ఉన్నట్టు లేదు,” అని జీపు వైపు నడిచింది.

అప్పలరాజు జీపు వెనక బల్ల మీద బేడీలతో కూర్చున్నాడు. కాళ్లకి చెప్పుల్లేవు. పాదాలు పొంగి ఉన్నాయి. ముప్పై ఐదేళ్ల ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, ఒక్క రాత్రిలో ముడుచుకుపోయాడు.

“మీ సూర్యకళ పంపింది నన్ను. సంతకం ఎందుకు పెట్టావయ్యా?”

అతను తన పాదాలకేసి చూసుకున్నాడు. కనకరత్నం సీఐ వైపు తిరిగి చూసింది. ఆయన దూరంగా చెట్లకేసి చూస్తూ నిలబడ్డాడు. తన చేత్తో కొట్టి ఉండడు. కొట్టేవాళ్లని ఆపి కూడా ఉండడు. ఇలాంటి మర్యాదస్తుల్ని చూస్తేనే ఆమెకి ఎక్కువ అసహ్యం.

“గొడవేమిటి?”

“శనివారం మా పేటలో గంగమ్మ పండగ మేడమ్. సెలవిత్తానని ముందే అన్నారు, సోమారం అటవీశాకోల్లకి ఏదో రాసియ్యాలన్న గొడవలో పడి ఆ పూట మర్సిపోనారు. నాను నాలుగు మాటలు అన్నాను, ఆయనా అన్నారు. తరవాత ఎల్లమన్నారు. అయిపోనాది. దానికి మనిసిని సంపేత్తారేటి?”

“లారీ దిగింది ఎన్నింటికి?”

“ఒంటిగంటకి. పొద్దున్న ఆరింటికల్లా ఒడ్డు మీదున్నాను. మా బావ తెప్ప లాగినాం, పందిరేసినాం. పొద్దోయిందాకా పేటంతా నన్ను సూసినాది.”

“ఆ చేపల పులుసు నువ్వే వండావా?”

“నేదు మేడమ్. మా బావ తెప్పకి పడ్డ కోనాం సేప నానే తెచ్చి కోసిచ్చినాను. పులుసు మాత్తరం రాజుగోరే పెట్టుకున్నారు. మా సేతి పులుసు ఆయనకి ఆనదు.”

“వాళ్లు తింటుంటే చూశావా?”

“నాను సామాను సర్దుకుంటన్నాను. మా అప్ప వొడ్డించినాది. మా అప్పని అడగండి, మా అప్పని అడగండి అని నిన్నటికాడ్నించీ మొత్తుకుంటన్నాను. ఒక్కులూ ఇనరు.”

కనకరత్నం తిరిగొచ్చింది. “వంటిల్లు చూడాలి.”

“శనివారం రాత్రే సీలు వేశాం. చూడ్డానికేం లేదక్కడ.”

“అయితే చూపించడానికి భయం దేనికి?”

కానిస్టేబులు సీలు తీసి తలుపు తెరిచాడు. మూడు రోజుల చేప వాసన గుప్పుమంది. అచ్యుతరామయ్య చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

“రండి లోపలికి.”

“మీరు చూడండి. నాకా వాసన పడదు. మేం తినం.”

“శనివారం చూశారు కదా?”

“కానిస్టేబుళ్లు చూశారు. నేను ఇక్కణ్ణించే…”

ఒక మనిషి మెడకి ఉరి బిగించే కేసు ఆ కడుపులోని తిండి మీద నిలబెట్టి, ఆ తిండి వండిన గది గడప కూడా తొక్కలేదు ఈయన. ముక్కు మూసుకుని దర్యాప్తు చేశాడు. మడి కట్టుకుంటే కట్టుకున్నాడు, కనీసం ముక్కు మీది రుమాలు తీసి చూడొద్దూ అనిపించింది ఆమెకి.

కోపాన్ని చీరకొంగుతో పాటు నడుముకి దోపి లోపలికి వెళ్లింది.

గట్టు మీద మట్టికుండ. అడుగున రెండు ముక్కలు, అంచున బిగుసుకున్న ఎర్రటి నూనె. పక్కనే నాలుగు మడతలు పెట్టిన పల్చటి తెల్ల గుడ్డ, మధ్యలో గుండ్రంగా పసుపూ కారం కలిసిన మరక. దాని మీద చిన్న దారం ముక్క. కనకరత్నం ఆ గుడ్డని పెన్నుతో ఎత్తి చూసింది. కుండ మూతికి బిగించి కట్టిన గుడ్డ అది. వాసెన కట్టడమంటారు.

సింకులో రెండు కంచాలు, ఎంగిలివి, ఎండిపోయినవి. ముళ్లు, ఉల్లిపాయ తొక్కలు, పచ్చిమిరపకాయ తొడిమలు. పొయ్యి పక్కన అన్నం గిన్నె. అందులో మిగిలిన అన్నం నీళ్లలో మునిగి, పులిసి, బూజు పట్టి ఉంది. ఎడమ పక్క బుట్టలో మరో రెండు కంచాలు, శుభ్రంగా తోమి, బోర్లించి ఉన్నాయి. చెత్తడబ్బాలో కోడి ఎముకలు.

ఆమె గుడ్డని మళ్లీ చూసింది. తర్వాత అన్నం గిన్నెని. తర్వాత బోర్లించిన కంచాల్ని. నరసాపురంలో పుట్టిన తన తల్లి, పోర్టు క్వార్టర్లలో కాపురం పెట్టాక కూడా, సాయంత్రం పులుసు దించి వాసెన కట్టి, పిల్లలు మూత దగ్గరికొస్తే గరిటెతో చేతి మీద ఒక్కటిచ్చేది. రేపటిదాకా ఊరాలే, ఆత్రం పనికిరాదు అనేది. తెల్లారి చద్దన్నంలో ఆ పులుసు, పచ్చి ఉల్లిపాయ. గోదావరి నుంచి వచ్చిన ఏ ఇంట్లోనైనా ఇదే తంతు.

గడప దగ్గరికి వచ్చింది. “పోస్టుమార్టం రిపోర్టులో అన్నం, చేప కాకుండా ఇంకేం ఉంది?”

అచ్యుతరామయ్య రుమాలు తియ్యకుండానే ఫైలు తిప్పాడు. “పచ్చి ఉల్లిపాయ ముక్కలు.”

“కోడి మాంసం?”

“లేదు.”

“చెత్తడబ్బాలో కోడి ఎముకలున్నాయి. ఆ కోడిని ఎవరు, ఎప్పుడు తిన్నారు?”

“ఎవరైనా తిని ఉండొచ్చు.”

“ఇద్దరు తిన్నారు. శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి. ఆ కంచాలు నూకాలు తోమి బోర్లించింది. చేపల పులుసు ఆ పూట ఎవ్వరూ ముట్టుకోలేదు, వాసెన కట్టి ఉంచారు. శనివారం పొద్దున్న విప్పి, చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని ఇద్దరు తిన్నారు. ఆ రోజు నూకాలుకి సెలవు కాబట్టి ఆ ఎంగిలి కంచాలు సింకులోనే ఉండిపోయాయి. మోహనకృష్ణ చచ్చిపోయింది శుక్రవారం రాత్రి కాదు సీఐగారూ, శనివారం పొద్దున్న. అప్పుడు అప్పలరాజు సముద్రం ఒడ్డున పందిరేస్తున్నాడు.”

ఆయన ఆలోచించాడు. అది ఒప్పుకోవాలి. కానీ వెంటనే తల అడ్డంగా తిప్పాడు. “వండిన వంట తెల్లారేదాకా తినకుండా ఉంటారా ఎవరైనా? మా ఇంట్లో అయితే రెండోపూటకి ఉంచడమే ఉండదు. ఉల్లిపాయ తొక్క, గుడ్డముక్క పట్టుకుని కోర్టుకెళ్తే నవ్వుతారు. వేడివేడిగా తిన్నామని కృష్ణంరాజుగారు స్వయంగా చెప్పారు.”

“మీరు తినని తిండి గురించి ఆయన ఏం చెప్పినా మీకు చెల్లిపోయింది. నాకు చెప్పమనండి చూద్దాం. మీరూ రండి, రైటరు పుస్తకం తెచ్చుకోమనండి.”

పన్నెండూ ఐదు.

కృష్ణంరాజు వరండాలో పేము కుర్చీలో కూర్చుని పోలీసులందరికీ టీలు పోయిస్తున్నాడు. యాభై దాటిన మనిషి, తెల్లటి లాల్చీ, భాగస్వామి పోయాడన్న దిగులు ముఖానికి పట్టించుకుని ఉన్నాడు. కనకరత్నాన్ని చూసి లేచి నిలబడి కుర్చీ చూపించాడు. సీఐ, రైటరు కాస్త వెనగ్గా గోడకి ఆనుకున్నారు.

“మీదే ఊరు రాజుగారూ?”

“ఆయ్, భీమవరం పక్కన పల్లెటూరండి. మా నాన్నగారు పోర్టు ఉద్యోగానికి ఇటొచ్చేశారు. తమరిది?”

“మా అమ్మది నరసాపురం.”

“అలా చెప్పండి. మనోళ్లే.”

“శుక్రవారం ఎన్నింటికి వెళ్లిపోయారు?”

“తొమ్మిదింటికండి. పదకొండున్నరకల్లా ఇంట్లో ఉన్నాను.”

“ఫోను కూడా అదే చెప్తుందా?”

“ఫోను ఆ రోజు ఇంట్లోనే మర్చిపోయి వచ్చానండి. ఏంటో, వయసు.”

“ఇవాళ మోహనకృష్ణగారు అటవీశాఖ వాళ్లకి ఏదో రాసివ్వాలట కదా?”

టీ కప్పు పెదాల దాకా వెళ్లి ఆగింది. “వెనకాల కొత్త కాటేజీలు కడుతున్నామండి. హద్దు రాళ్లు అడవిలోకి జరిగాయని ఆయనకి అనుమానం. ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటే సర్దుకునేదే. ఈలోపు ఆ వెధవ ఇంత పని చేశాడు.”

అన్యాయంగా బేడీలు పడినవాణ్ణి ఈయన వెధవ అంటుంటే కనకరత్నానికి చెయ్యి దురద పెట్టింది. కానీ ముఖాన చిరునవ్వు తెచ్చుకుంది.

“ఏమనుకోనంటే ఒకటి చెప్తాను. వంటింట్లో మీ కుండ చూశాను. పులుసు కుదరలేదు రాజుగారూ.”

“ఏంటండీ?”

“కుదరలేదు అంటున్నాను. పోనీలెండి, అందరికీ చేతకాదు. వండిన గంటకే తిన్నారట. పలచగా నీళ్లలా ఉండి ఉంటుంది. ముక్కకి ఉప్పు పట్టి ఉండదు, చింతపండు పచ్చివాసన. పాపం మోహనకృష్ణగారు ఆఖరి ముద్ద అలాంటిది తిని పోయారే అని బాధగా ఉంది. భీమవరం వాళ్లకి పులుసు పెట్టడం రాదని మా అమ్మ అనేది, నేను నమ్మేదాన్ని కాదు.”

కృష్ణంరాజు కప్పు కింద పెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి. హత్య గురించి అడిగినంతసేపూ తొణకని మనిషి ఇప్పుడు కుర్చీలో ముందుకు జరిగాడు.

“మీకు తెలీదు, ఊరుకోండి. మా అమ్మ దగ్గర నేర్చుకున్న చెయ్యి ఇది. గంటకే తినడానికి మాకేం గతిలేదా? తెల్లారి వాసెన విప్పేసరికి పైన నూనె వేలెడు తేలింది. ముక్క విరిస్తే లోపలిదాకా ఎర్రగా దిగింది పులుసు. మోహన్ వేళ్లు నాక్కుంటూ చద్దన్నం రెండోసారి కలుపుకున్నాడు. అనుమానముంటే వాణ్ణే అడ…”

అక్కడ ఆగాడు. అడగడానికి మోహన్ లేడు.

వరండాలో రైటరు పెన్ను చప్పుడు ఒక్కటే వినిపించింది. అచ్యుతరామయ్య గోడ దగ్గర్నుంచి నెమ్మదిగా ముందుకొచ్చాడు.

“శనివారం తెల్లారేసరికి మీరు మీ ఇంట్లో కదా రాజుగారూ ఉన్నది?”

“అబ్బే, ఎప్పుడో తిన్న సంగతి చెప్పానండి. పోయిన నెల వచ్చాం కదా, అప్పటిది. పులుసు మాట వచ్చేసరికి నోరు జారింది.”

“పోయిన నెలదా?”

“ఆయ్. కోర్టులో కూడా అదే చెప్తాను.” అతను తేరుకున్నాడు. కాలు మీద కాలు వేసుకున్నాడు. “శుక్రవారం రాత్రి మేం తిన్నది పులుసు కాదనీ, శనివారం నేనిక్కడ ఉన్నాననీ చూసినవాళ్లెవరైనా ఉంటే తీసుకురండి. గుడ్డముక్కలు మాట్లాడవు కదండీ.”

కనకరత్నం సీఐ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు గానీ ఒక్కో మాటా రాయి విసిరినట్టే విసిరింది. “ఉంది. చూసిన మనిషి ఉంది. శుక్రవారం కోడికూర వడ్డించింది, కుండకి వాసెన కట్టడం చూసింది. వెనక పాకలో పడుకుని శనివారం పొద్దున్నే లేచింది కాబట్టి ముందు ఎవరి కారు నిలబడి ఉందో కూడా చూసే ఉంటుంది. ఆ మనిషి పేరు ఆ తమ్ముడు నిన్నటి నుంచి జపంలా చెప్తున్నాడు. పాదాలు వాచిపోయేదాకా చెప్పాడు. అంట్లు తోముకునేదని, అక్క అని మీరు ఒక్క ముక్క రాసుకోలేదు. పిలవండి నూకాల్ని.”

అచ్యుతరామయ్య రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. “నూకాలు… ఇక్కడ లేదు.”

“ఎక్కడుంది?”

“పొద్దున్న నన్నడిగే వెళ్లింది. సింహాచలం.”

కృష్ణంరాజు టీ కప్పు మళ్లీ అందుకున్నాడు. “తమ్ముడి కోసం అప్పన్నకి మొక్కుకుంటానని ఏడుస్తుంటే చూడలేకపోయానండి. నా కారే ఇచ్చి పంపాను, మా డ్రైవరు చింటూని తోడిచ్చి. ముసలిది, బస్సులు మారి ఏం వెళ్తుంది చెప్పండి.”

“ఎన్నింటికి?” అంది కనకరత్నం.

“తొమ్మిదిన్నరకి.”

“ఫోనుందా ఆవిడకి?”

“లేదండి. చింటూకుంది. ఎత్తట్లేదు, ఘాట్‌లో సిగ్నలుండదు.”

కనకరత్నానికి ఇంతసేపూ కోపమే తప్ప భయం వేయలేదు. ఇప్పుడు వేసింది. ఇంత దయగల మనిషి, తమ్ముణ్ణి హంతకుడని చెప్పిన నోటితోనే అక్కకి కారు ఇచ్చాడు. ఆ కారెక్కడానికి నూకాలు చేతులెత్తి దణ్ణం పెట్టి ఉంటుంది.

“అటవీ చెక్‌పోస్టుకి ఫోన్ చెయ్యండి సీఐగారూ. శవం దొరికిన దగ్గర్నుంచీ కిందికి వెళ్లే బండీ పైకి వచ్చే బండీ అక్కడ రాసుకుంటున్నారు.”

ఆయన అప్పటికే ఫోను తీశాడు. స్పీకరు నొక్కాడు. అవతల గార్డు గొంతు తాపీగా ఉంది. పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

“తెల్ల కారు సార్, లాడ్జీ రాజుగోరిది. తొమ్మిదీ నలభైకి కిందికి దిగినాది. ఎనక సీట్లో నూకాలప్ప కూకుని ఉంది. నాను పలకరించినాను కూడా, సింహాద్రప్పన్నకాడికి ఎల్తన్నానని సెప్పినాది.”

“తర్వాత?”

“తరవాత పదీ ఇరవై అయిదుకి మల్లీ పైకెల్లిపోనాది సార్. ఆపకుండా అరకు రోడ్డు ఎంటే.”

అచ్యుతరామయ్య వాచీ చూసుకున్నాడు. సింహాచలం వెళ్లి రావాలంటే ఎంత వేగంగా తోలినా నాలుగు గంటలు. ఈ కారు ముప్పావుగంటలో తిరిగొచ్చింది. ముప్పావుగంటలో పోయి రాగల దూరంలో చెక్‌పోస్టు కింద ఉన్నది ఘాట్ రోడ్డు, మలుపులు, లోయ.

“వెనక సీట్లో ఎవరున్నారు?” అని కనకరత్నమే అడిగింది.

“ఒక్కులూ నేరు మేడమ్. డైవరొక్కుడే.”

కృష్ణంరాజు లాల్చీ సర్దుకుని, “నాకు లాయరు కావాలండి,” అన్నాడు. ఆ మాట అంత మామూలుగా, ఇంకో కప్పు టీ అడిగినట్టు అన్నాడు. రైటరు చేతిలోని పుస్తకం కింద పెట్టి, అతని రెండు భుజాలూ పట్టుకుని కుర్చీలోనే అదిమేశాడు.

అచ్యుతరామయ్య మెట్లు దిగి జీపు దగ్గరికి దాదాపు పరుగెత్తాడు. జేబులోంచి తాళంచెవి తీశాడు. బేడీ టక్కున ఊడింది. పొద్దుటి నుంచీ కనకరత్నం పోరాడింది ఈ తాళం కోసమే, కానీ ఆ చప్పుడు విన్నాక ఆమెకి రవంత సంతోషం కూడా కలగలేదు.

అప్పలరాజు మణికట్లు రుద్దుకుంటూ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. “ఒగ్గేసినారా సార్? అంటే మా అప్పని అడిగినారన్నమాట. ఏటి సెప్పినాది మా అప్ప?”

సీఐ జీపు ముందు సీట్లోకి ఎక్కాడు.

“ముందు జీపులోనే కూర్చో అప్పలరాజూ,” అంది కనకరత్నం, తనూ ఎక్కి అతని పక్కన కూర్చుంటూ. “ఘాట్ రోడ్డు వెంట కిందికి వెళ్తున్నాం. ప్రతి మలుపు దగ్గరా దిగి, నీకు గొంతున్నంత గట్టిగా మీ అప్పని పిలువు.”